అరవై అయిదో పేజీలో పుట్టగొడుగులు

గచ్చిబౌలి,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు చెల్లెలు పద్మ నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నా గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పు, వేళకే తింటున్నాను.

ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. అమెరికా డాక్టర్లు టేపుల్లో గొణిగేదంతా విని టైపు చేయడం. మా ఆఫీసు చుట్టూ కొత్త మేడల కోసం రోజంతా బండలు పేలుస్తూనే ఉంటారు. ఆ చప్పుడుకి డాక్టరు చెప్పింది ఎడమ కాలో కుడి కాలో తెలియక టేపు మళ్ళీ వెనక్కి తిప్పాలి. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మెస్సు వాళ్ళ పప్పులో పప్పు వెతుక్కోవాలి. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. "నీ పుస్తకంలో కథలన్నీ చదివాను, చాలా బాగున్నాయి, బావగారు కూడా మెచ్చుకున్నారు" అని రాశావు. అది చూసినప్పటి నుంచీ నాకు ఒళ్ళు మండుతోంది. ఎందుకో చెబుతాను, మధ్యలో నవ్వకు.

పుస్తకాలు ఆవిష్కరణ సభ రోజునే బైండరు దగ్గర నుంచి తిన్నగా హాలుకు వచ్చాయి. విప్పి చూసుకునే తీరిక లేదు. ఇక్కడి సభల పద్ధతి నీకు తెలియదు. శాలువా కప్పుతారు. ముఖ్య అతిథి తన మొదటి పుస్తకం ఎలా వచ్చిందో చెబుతారు. రచయిత అందరికీ సంతకం పెట్టి ఊరికే పంచాలి. మా సాహితీ సంఘం పెద్ద రాఘవరావు మాస్టారు ఎప్పుడూ అంటుంటారు, "మన సభలకి మనమే రాకపోతే ఎవరొస్తారమ్మా" అని. నిజమే, నేనూ అందరి సభలకీ వెళ్ళి చప్పట్లు కొట్టాను. ఇంటికి రాగానే నీకూ ఒక కాపీ పార్సిల్ కట్టాను.

మర్నాడు నీ పార్సిల్ పోస్టులో వేసి, బస్సెక్కి పుస్తకం తెరిచాను. అరవై నాలుగో పేజీ అడుగున ఒక కథ చివరి పేరాకు ముందే ఆగిపోయింది. అరవై అయిదు నుంచి ఎనభై దాకా పుట్టగొడుగుల పెంపకం. వరిగడ్డి నానబెట్టడం, సంచుల్లో నింపడం, చీకటి గదిలో వేలాడదీయడం. పుస్తకాన్ని పదహారేసి పేజీల మడతలుగా అచ్చువేసి కుడతారు కదా, బైండరు ఎవరిదో పుస్తకంలో మడత తీసి నాదాంట్లో కుట్టేశాడు. పేజీ నంబర్లు కూడా చక్కగా కలిశాయి. సభలో పంచినవన్నీ అలాంటివే.

అందరికీ ఫోన్లు చేసి చెప్పవలసింది. చెప్పలేదు. ముందు ఎవరు అడుగుతారో చూద్దామని ఊరుకున్నాను. నెల దాటింది, ఒక్కరూ అడగలేదు. ఇద్దరు సమీక్షలు కూడా రాశారు. ఆఫీసులో నా పక్క సీటు స్వరూప, నానక్‌రామ్‌గూడ అమ్మాయి, "నేనైతే ఇంక తెరవనే లేదు పద్మా. పురసత్ ఏడున్నది? ఉత్తగ అబద్ధం ఎందుకు చెప్పాలె" అంది. దాన్ని కావలించుకోవాలనిపించింది.

పోయిన ఆదివారం ఉండబట్టలేక మాస్టారినే అడిగాను.

"అరవై అయిదో పేజీ దగ్గర కథ ఎలా ఉందండీ?"

"నీ పుస్తకానికి ప్రాణమే అదమ్మా. జీవితాన్ని కళ్ళకు కట్టావు."

"ముగింపు కుదిరిందంటారా?"

"ముగింపే నన్ను కదిలించేసింది."

ముగింపులో, కోసిన పుట్టగొడుగుల్ని ఎండలో పెట్టవద్దని ఉంది. ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేశాను. వాళ్ళ మీద కోపం బస్సు దిగేలోగా సగం తగ్గిపోయింది.

నీ మీద తగ్గడం లేదు. వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నా కథలన్నీ వినేదానివి. "ఇక్కడ అబద్ధం చెప్తున్నావే" అనేదానివి. సరిగ్గా అక్కడే అబద్ధం ఉండేది. బాగుంది అన్న మాట నీ నోట ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు నువ్వు కూడా శాలువా పట్టుకొచ్చావా?

అక్కా, పోయిన ఆ పేజీల్లో ఉన్నది నీ కథ. పెళ్ళికి ముందు నువ్వు పత్రికకు పంపిన కథ తిరిగొస్తే, ఎవరికీ చూపించకుండా నీళ్ళ పొయ్యిలో పెట్టావు. దొడ్డిగుమ్మం దగ్గర నుంచి నేను చూశాను. నిన్ను అడగకుండా అదంతా రాసేశాను. పేరు మార్చాను గాని నువ్వు రెండో వాక్యానికే పోల్చుకుంటావు. నీకు పుస్తకం పోస్టు చేసేటప్పుడు పార్సిల్‌ని రెండుసార్లు కౌంటరు మీంచి వెనక్కి తీసుకున్నాను. తిడతావనుకున్నాను. బైండరు చేసిన తప్పు తెలిశాక, కనీసం "మధ్యలో ఈ పుట్టగొడుగులేమిటే" అని అడుగుతావనుకున్నాను.

అసలు పేజీలు బైండరు దగ్గర కట్టగా అలాగే ఉన్నాయి. ఒక మడత ఈ ఉత్తరంతో పెడుతున్నాను. అంచులు కోయలేదు, చాకుతో కోసుకుని చదవాలి. మిగతా కాపీలు నీ జవాబు వచ్చేదాకా కుట్టవద్దని చెప్పాను.

అమ్మకూ బావగారికీ నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ముందు తిట్టు, తరువాత ఆశీర్వదించు. ఆ కథ ఉండకూడదంటే తీసేస్తాను, నీ మీద ఒట్టు. బాగుందని రాశావంటే మాత్రం, నువ్వు చదవలేదనే అనుకుంటాను.

నీ చెల్లెలు,
పద్మ