సురక్షితమని రాశావట

నవంబరు 9, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

ఉత్తరాన్ని ఆశీస్సులతో మొదలుపెట్టడం మన ఇంటి అలవాటు కాబట్టి, ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ బావ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నీ క్షేమం అడగక్కర్లేదు. మొన్న ఆస్పత్రి హాల్లో మైకు ముందు నవ్వుతూ నిలబడినప్పుడు చూశాను, నిక్షేపంలా ఉన్నావు.

ఒకే ఆస్పత్రిలో పనిచేస్తూ ఈ ఉత్తరాలేమిటి అనుకుంటావు. నువ్వు మూడో అంతస్తులో పెద్ద డాక్టరువి. నేను మొదటి అంతస్తులో రోగుల చేత గొట్టంలోకి ఊదించే టెక్నీషియన్ని. నేను నీ అక్కనని అక్కడ సగం మందికి తెలియదు, తెలియకుండా నువ్వు పడే అవస్థ మాత్రం నాకు తెలుసు. ఫోను చేస్తే మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తానంటావు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. కాగితమైతే మధ్యలో అడ్డు తగల్లేవు కదా, అందుకని రాస్తున్నాను.

ఏళ్ళ తరబడి ఆయాసంతో బతికేవాళ్ళ కోసం వచ్చిన ఆ కొత్త ఇన్‌హేలర్ మనిషికి హాని చేస్తుందా, చేయదా అని నలభై మంది మీద ఆరు నెలలు పరీక్షించావు. చివరికి సురక్షితమని రాశావట. వచ్చే సోమవారం, పదిహేడో తేదీ నుంచి నాలుగు వందల మందికి మొదలుపెడతారట. అబ్బో! ఏం చూసి రాశావురా?

ఏం చూశావో నాకు తెలుసులే. అంకెలు చూశావు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు నొక్కి పీలిస్తే నాలుగు వారాలకి నూట పన్నెండు. నూట ఇరవై మోతాదులున్న డబ్బా వెనక అంకెల గడిలో ఎనిమిది మిగలాలి. నీ కుర్ర డాక్టర్లు ప్రతి పరీక్ష రోజునా ఆ గడి చూసి టిక్కు పెట్టుకున్నారు. నలభై మందికీ, చివరి నాలుగు నెలలూ, ఎనిమిదే. ఒక్కరూ ఒక్క పూట మర్చిపోలేదు. ఒక్కరి చేతిలోనూ పొరపాటున ఇంకోటి నొక్కుకుపోలేదు. మనింట్లో నలుగురమే ఉన్నప్పుడు కూడా నాలుగు జతల చెప్పులు ఒక్కనాడైనా గుమ్మం దగ్గర సరిగ్గా కనిపించాయా? లెక్క ఇంత అందంగా కుదిరితే అనుమానం రావద్దూ? నువ్వేమో మైకు పట్టుకుని, మన రోగుల క్రమశిక్షణ చూడండి అని మురిసిపోయావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది.

నువ్వు ఏనాడైనా ఆ ఆస్పత్రి మెట్లెక్కావా? ఎందుకు ఎక్కుతావు! లిఫ్టు డాక్టర్లకీ స్ట్రెచర్లకీ మాత్రమేనని బోర్డు పెట్టించింది నువ్వే. ఊపిరాడని వాళ్ళకి మెట్లు, ఉదయం నడకకి వెళ్ళొచ్చే నీకు లిఫ్టు. ఎక్కి ఉంటే ఆ మెట్ల మలుపులో, కిటికీ దగ్గర, పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికి ఏం జరుగుతుందో చూసేవాడివి. నీ రోగులు సంచుల్లోంచి డబ్బాలు తీసి, ఊపి, కిటికీ బయటికి టుస్సు టుస్సుమని కొడుతూ ఉంటారు. పెయింటరు నొక్కుతుంటే రిటైరైన బస్సు డ్రైవరు అంకెలు చదువుతాడు. పదకొండు, పది, తొమ్మిది అంటూ ఎనిమిది రాగానే ఆపు ఆపని కేకేస్తాడు. తర్వాత అందరూ నోళ్ళు తుడుచుకుని, బుద్ధిమంతుల్లా వచ్చి నా గది ముందు కూర్చుంటారు.

ఎందుకలా అంటావా? ఆ మందు పీలిస్తే చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. మానేశారు. మానేశామని చెబితే ట్రయల్లోంచి తీసేస్తామని నువ్వు సంతకాలు పెట్టించుకున్న కాగితంలో మొదటి పేజీలోనే ఉంది. తీసేస్తే నెలనెలా డాక్టరు చూడడం, ఎక్స్‌రే, ఊదే పరీక్ష అన్నీ పోతాయి. వాళ్ళకి ఇంకెవరున్నారని? అందుకే నోరు మూసుకున్నారు. నీ వాళ్ళు ప్రశ్నల కాగితం పట్టుకుని ఏమైనా ఇబ్బంది ఉందా అంటే ఏమీ లేదన్నారు. పీల్చని మందు ఏం ఇబ్బంది పెడుతుంది? గుండె దడగా ఉందా అని ఆ కిటికీ అవతలి పావురాల్ని అడగాల్సింది నువ్వు.

నిజంగా పీల్చినవాడు ఒక్కడే, లేత్ మేస్త్రి. జీవితమంతా వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుము కోసిన మనిషి. ఆరు గంటలంటే ఆరు గంటలకే పీల్చాడు. నువ్విచ్చిన డైరీలో స్కేలు పెట్టి గీతలు గీసి, రోజూ దడ, వణుకు అని రాశాడు. ఇంత బాధగా ఉంటే ఎందుకు మానలేదని అడిగాను. సంతకం పెట్టాక మానకూడదు కదమ్మా అన్నాడు. నీ కుర్రాళ్ళు ఆ పేజీల పక్కన వయసు వల్ల అని రాసి పేజీ తిప్పేశారు. పది రోజుల కిందట నా గదిలో గొట్టంలోకి ఊదుతూ ఊదుతూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. నాడి నూట యాభై కొట్టుకుంటోంది. నా రెండు చేతుల్తో పట్టుకున్నాను, అందుకని చెబుతున్నాను.

నువ్వు వచ్చావు, రెండు నిమిషాలు నిలబడ్డావు. మిగతా ముప్పై తొమ్మిది మందికీ లేనిది ఈయనకే ఎందుకొస్తుంది, మందుకు సంబంధం లేదని రాయండి అన్నావు. అంతటితో ఆగినా బాగుండేది. ఆయన మంచం పక్కనే నిలబడి, చెప్పిన దానికన్నా ఎక్కువ పీల్చి ఉంటాడని కూడా అన్నావు. ఛీ! ఆ మాట ఆయన విన్నాడు. నువ్వు వెళ్ళాక డైరీ తెప్పించుకుని, నేనెక్కడైనా లెక్క తప్పానేమో చూడమ్మా అని నా చేతికిచ్చాడు. నలభై మందిలో లెక్క తప్పనివాడు ఆయనొక్కడే. నువ్వు ఆయన మీదే నింద వేసి, చేతులు దులుపుకుని, లిఫ్టెక్కి వెళ్ళిపోయావు.

పెద్ద చదువులు చదివి ఏం వెలగబెట్టావని? మందు పీల్చారా లేదా అన్నది కూడా చూడకుండా మందు మంచిదని తేల్చినవాడిని ఏమనాలో నాకు తెలియదు. ఆ నాలుగు వందల మందిలో ఎంతమంది లేత్ మేస్త్రిలా మాట మీద నిలబడేవాళ్ళుంటారో, వాళ్ళే ముందు పడిపోతారు. కాబట్టి సోమవారం మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆయన పడిపోయింది మందు వల్లేనని దిద్దు. రేపు పదింటిలోపు నువ్వే వెళ్ళి భద్రతా కమిటీకి చెప్పు. పరువు పోతుందంటావా, పోనీ. నీ పరువు కన్నా ఆ మనిషి గుండె విలువైంది.

మరదలికీ పిల్లకీ నా ముద్దులు. నీకు మాత్రం లేవు.

ఇట్లు,
నిన్ను చంక దించకుండా పెంచినందుకు ఇవాళ తల దించుకున్న
అక్క

తా.క. రుజువేదీ అంటావు, నిన్ను ఎరగనా? మెట్ల మీద వాళ్ళని నేను చూశానంటే సరిపోదు, చాటునుంచి చూసిందేగా అంటావు. చాటునుంచి చూడలేదురా. రెండో నెలలో ఇస్త్రీ పెద్దమ్మ డబ్బాలో తొంభై మిగిలాయి. అది పీలిస్తే చేయి వణికి ఇస్త్రీపెట్టె జారిపోతోందనీ, ట్రయల్లోంచి తీసేస్తే చచ్చిపోతాననీ నా గదిలో ఏడ్చింది. జాలేసింది. చేయి పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎనిమిది వచ్చేదాకా బయటికి నొక్కెయ్ పెద్దమ్మా, ఎవరికీ తెలియదు అని నేర్పింది నేనే. ఆవిడ ఇంకొకరికి చెప్పింది, వాళ్ళు అందరికీ చెప్పుకున్నారు. నాలుగు నెలలు తెలిసీ ఊరుకున్నాను. నిన్ను ఇన్ని మాటలన్నాను గానీ, నీకు తెలియక జరిగింది నాకు తెలిసి జరిగింది. ఈ ఉత్తరం నకలు ఈ తాజా కలంతో సహా కమిటీకి కూడా పంపుతున్నాను, ఉద్యోగం పోతే పోయింది. పొద్దున వార్డుకి వెళ్ళి లేత్ మేస్త్రికి ఇదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. దగ్గు తెర వస్తే గ్లాసులో నీళ్ళు పోసి అందించబోయాను. మీరొద్దు, నర్సుని పిలవండి అన్నాడు.