తిట్టడానికి ఏమీ దొరకని మనిషి

జనవరి 14, 2024

మైనస్ ముప్పై. బస్సు రాలేదు. మా కేర్ హోమ్‌లోనే పనిచేసే మారివిక్ కారు ఆపి ఎక్కమంది. తను పై అంతస్తులో ముసలివాళ్లకి స్నానాలు చేయిస్తుంది, నేను కింద కిచెన్‌లో ట్రేలు సర్దుతాను. ఏడాదిగా లిఫ్టులో హాయ్, బై తప్ప మాటల్లేవు.

కారులో ఏదో పెట్టింది. మ్యూజిక్ లేదు. ఒకతను గుక్క తిప్పుకోకుండా వాళ్ల ఫిలిపినో భాష తగాలోగ్‌లో ఎవరినో కడిగేస్తున్నాడు, వెనక జనం హోరు. అడిగితే ఫిలిపినో రాప్, బ్యాటిల్ అంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వంతులవారీగా ప్రాసలో తిట్టుకుంటారట. ఆ వీడియోలకి కోట్లలో వ్యూస్ అట. తనూ చేస్తుందట, ఇక్కడే విన్నిపెగ్‌లో, ఒక చర్చి బేస్‌మెంట్‌లో.

ముసలివాళ్ల గోళ్లు అంత మెల్లగా కత్తిరించే మనిషి.

జనవరి 17

మారివిక్‌కి ప్రాక్టీసులో ఎదురుగా నిలబడే మొహం ఒకటి కావాలి. వాళ్లవాళ్లయితే మధ్యలో నవ్వేస్తారట. నాకు భాష రాదు కాబట్టి పనికొస్తానంది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ, ఆపైన ఇక్కడ డిప్లొమా. చివరికి భాష రాకపోవడం క్వాలిఫికేషన్ అయింది. సరేనన్నాను.

రూమ్మేట్ సాత్వికకి చెప్పాను. తనది నైట్ షిఫ్ట్, నాది డే. గుమ్మం దగ్గర ఎదురుపడతాం, అంతే. స్నో బూట్లలోకి కాళ్లు దూరుస్తూ అంది, "తిట్లు తినడానికి బస్సెక్కి పోతున్నవా? నన్నడిగితే ఇంట్లనే తిడుదును గదనే, ఫ్రీగా."

తిట్టలేదు. లేటవుతోందని వెళ్లిపోయింది.

జనవరి 21

వాళ్ల మావయ్య గ్యారేజీ. ఆయన్ని అందరూ తీతో బోయెట్ అంటారు. తీతో అంటే బాబాయ్, మావయ్య, అన్నీనట. నన్నూ అలాగే పిలవమన్నాడు.

మారివిక్ నా ముక్కుకి జానెడు దూరంలో నిలబడి మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. వేలు నా భుజం మీద దరువేస్తోంది. ఉమ్ము తుంపరలు. కళ్లు మాత్రం నా కళ్ల మీంచి కదల్లేదు.

ఈ దేశంలో దిగాక ఒక మనిషి నన్ను అంతసేపు చూడటం ఇదే మొదలు. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ కూడా పాస్‌పోర్టు ఫొటోనే చూశాడు.

జనవరి 28

తీతో బోయెట్ నోరు తెరిస్తే ఆగడు. చిన్నప్పుడు వాళ్ల ఊరి పక్కనే అమెరికావాళ్ల ఎయిర్‌బేస్ ఉండేదట. సైనికుల క్యాసెట్లు చేతులు మారి వీధుల్లోకి వచ్చేవి. ఎనభైల్లో రేడియోలో వచ్చినవి చాలావరకు జోకు పాటలే, డిస్కో బీటు మీద గబగబా వాగడం. రాప్ చేస్తే ఇంగ్లీషులోనే చేయాలి, తగాలోగ్‌లో చేస్తే కామెడీ అనేవారట. తొంభైల్లో సొంత భాషలో ఆల్బమ్‌లు వచ్చి, జనం ఎగబడి కొన్నాక ఆ నోళ్లు మూతపడ్డాయి. మధ్యలో కాస్త చల్లారి, ఫోన్లలోకి వీడియోలు వచ్చాక ఈ బ్యాటిల్స్‌తో మళ్లీ అంటుకుంది.

అయితే అమెరికావాళ్లు నేర్పిందేనా అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. బీటు వాళ్లది, నోరు మాది అన్నాడు. అంతకుముందెప్పుడో శవజాగారాల్లో వాళ్ల ముత్తాతలు ఎదురెదురుగా కూర్చుని పద్యాల్లో వాదులాడుకునేవారట. పోయినవాళ్లని ఒంటరిగా వదలకూడదు, తెల్లారేదాకా జనం ఉండాలి, జనం ఉండాలంటే ఏదో ఒక తమాషా ఉండాలి కదా అన్నాడు.

బతికున్నవాళ్లకి ఆ సదుపాయం లేనట్టుంది.

మా వైపు పద్యనాటకాల గురించి చెప్పాను. హార్మోనియం పక్కన ఇద్దరు ఒకరి మీదొకరు పద్యాలు విసురుకుంటుంటే జనం వన్స్‌మోర్ అనేవారని. ఒకటి పాడమన్నాడు. రాదన్నాను.

ఫిబ్రవరి 11

వారమంతా ఆదివారం కోసం ఎదురుచూస్తున్నాను. తిట్లు తినడానికి. ఇది ఎవరికీ చెప్పను.

ఫిబ్రవరి 24

బ్యాటిల్. చర్చి బేస్‌మెంట్ నిండా కుటుంబాలు, అల్యూమినియం ట్రేలలో నూడుల్స్, చంకలో పిల్లలు. మారివిక్‌కి ఎదురు ఎడ్మంటన్ నుంచి వచ్చిన రొడెల్. లారీ డ్రైవరు, తలుపంత మనిషి. తీతో బోయెట్ పక్కన కూర్చుని నా చెవిలో ఇంగ్లీషు చేస్తూ పోయాడు.

అప్పుడు తెలిసింది, నెలరోజులుగా నేను మోసిన తిట్లలో ఏముందో. రొడెల్ డ్రైవింగ్ టెస్టు ఎన్నిసార్లు పోయిందో. మాజీ ప్రియురాలి పెళ్లి వీడియోకి ఎలా లైక్ కొట్టాడో. ఊళ్లో వాళ్లమ్మ కిరాణా కొట్టు బోర్డులో ఏ అక్షరం రాలిపోయిందో. మారివిక్ అతని ఫేస్‌బుక్ అంతా చదివింది, అతని కజిన్లకి ఫోన్లు చేసింది. ఒక శత్రువు కోసం మనిషి ఇంత చదువుతుందా?

ఓడిపోయింది. అయ్యాక ఇద్దరూ కావలించుకున్నారు. రొడెల్ అడిగాడట, మా అమ్మ కొట్టు బోర్డు సంగతి నీకెలా తెలిసిందని. పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు.

నాకు అసూయ. ఓడినవాళ్ల మీద కాదు, గెలిచినవాళ్ల మీదా కాదు. తిట్టించుకున్నవాళ్ల మీద.

మార్చి 3

కారులో తిరిగొస్తూ అడిగేశాను. నా మీద ఒకటి రాయమన్నాను. మెటీరియల్ ఇవ్వమంది, నువ్వు సిగ్గుపడే విషయాలు ఏవైనా. జగిత్యాల, నాన్న లెక్చరర్, ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్ కొద్దిలో తప్పింది, వంట పెద్దగా రాదు అని చెప్పాను. రెజ్యూమె చెబుతున్నావు అంది. తర్వాత కారు ఆపి, మామూలు గొంతుతోనే అంది:

"నిన్ను ఎవరూ తిట్టలేరు తేజ్. హోటల్ రూమ్‌లా ఉంటావు. అంతా నీట్‌గా ఉంటుంది, లోపల ఎవరూ ఉండరు."

మార్చి 4

ఉంటారు.

మార్చి 19

సరే, మెటీరియల్. నాకు ఉద్యోగం రాలేదని ఇంట్లో తెలుసు. అప్లై చేయడమే మానేశానని తెలియదు. అమ్మ ఫోన్ చేస్తే కుళాయి తిప్పి, బిజీగా ఉన్నానంటాను. పుట్టినరోజున నాకు నేనే కేక్ కొని, బేకరీ అమ్మాయి అడిగితే ఫ్రెండ్ కోసమన్నాను. పేరేం రాయమంటారని అడిగింది. సాత్విక అన్నాను. సాత్విక పుట్టినరోజు నాకు తెలియదు. ఇక్కడికి ఎందుకొచ్చానని ఎవరైనా అడిగితే కెరీర్ అంటాను. నిజానికి అక్కడ కూడా ఇలాగే ఒంటరిగా ఉండేదాన్ని. అక్కడైతే ఆ నింద ఊరి మీద నెట్టలేను. ఇక్కడ చలి మీద నెట్టొచ్చు.

రేపు మారివిక్‌కి చెబుతాను. ఆదివారం దాకా ఆగను.

మార్చి 20

నేను నోరు తెరిచేలోపు తను చెప్పింది. ఏప్రిల్‌లో ఎడ్మంటన్ వెళ్లిపోతోంది. అన్నయ్య అక్కడే, షిఫ్టులూ నయం. కంగ్రాట్స్ అన్నాను. ఇంటికొచ్చాక మళ్లీ మెసేజ్ పెట్టాను, బెలూన్లతో.

ఏప్రిల్ 20

మారివిక్ సెండాఫ్. వాళ్ల గుంపులో వెళ్లిపోయేవాళ్లకి ఉపన్యాసాలుండవు. తమకి ఇష్టమైన ఒకరిని పిలిచి ఒక రౌండ్ తిట్టి వెళ్లాలి. ఎవరిని పిలుస్తుందో అని పందేలు కాశారు. నన్ను పిలిచింది.

మెటీరియల్ లేదుగా అన్నాను. నవ్వి మొదలుపెట్టింది, తగాలోగ్‌లోనే. జనం విరగబడి నవ్వుతూ నావైపు చూస్తున్నారు. నా జాకెట్ లాగి చూపించింది, నా నడక నడిచింది. ఇంకా నవ్వులు. తర్వాత గొంతు తగ్గించి రెండు లైన్లు చెప్పింది. ఎవరూ నవ్వలేదు. తీతో బోయెట్ ఇంగ్లీషు చేయడం మానేశాడు. మోచేత్తో పొడిస్తే చెప్పాడు:

"నువ్వు లంచ్ నిలబడి తింటావట. కూర్చుంటే, పక్క కుర్చీ ఖాళీయేనా అని ఎవరూ అడగరేమోనని."

ఎప్పుడు చూసింది? తన బ్రేక్ వేరు, నాది వేరు.

పిలిచినవాళ్లకి జవాబివ్వాలి, అది రూలు. నోరు తెరిచాను. తెలుగు వచ్చింది. అప్లికేషన్లు, కుళాయి, కేకు, చలి, అన్నీ. ప్రాస అక్కడక్కడా దానంతటదే పడింది. పడ్డ చోటల్లా వాళ్లు హోరెత్తించారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మారివిక్ మాత్రం నా కళ్లలోంచి చూపు తీయలేదు. అయ్యాక కావలించుకుని, అర్థం అడగలేదు. ఇప్పుడు మెటీరియల్ ఉంది అంది.

ఏప్రిల్ 22

లంచ్ కూర్చుని తిన్నాను. పక్క కుర్చీ ఖాళీ. దాన్ని తిట్టాను, తెలుగులో, ప్రాస కుదిరేదాకా.