చిల్లులు పెట్టే అమ్మాయి

అమ్మలూ, వచ్చేసిందే! మన వ్యాను మన ఇంటికి వచ్చేసింది!

ఆశీస్సులు, క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఈ కబురు రాయకపోతే నా చెయ్యి ఊరుకునేలా లేదు. ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని ఎక్కించుకుని తిప్పిన మన పసుపు వ్యాను, ఐదేళ్ళ కిందట లాండ్రీ ఆయనకి ఇచ్చేశామే, అదే! ఇప్పుడు మన వాకిట్లో ఉంది. మీ అమ్మ చూసి "ఇదెందుకు తెచ్చారు?" అంది. అంటే ఆవిడకీ సంతోషమే.

ఒక చిన్న విషయం. డ్రైవరు తలుపు కింద తుప్పు పట్టింది. బళ్ళ తనిఖీ ఆయన చూసి, "నెల రోజుల్లో గట్టి రేకుతో అతుకు వేయించండి పెద్దాయనా, లేకపోతే ఇది పాత ఇనుముకే" అన్నాడు. నేను నవ్వాను. నవ్వనా మరి? వెల్డింగ్ నేర్చుకుంటున్న షెడ్డులో నీదే మొదటి స్థానమని పోయిన ఉత్తరంలోనే కదా రాశావు! గేట్లు చేసే మన పక్కింటాయన తన మిషను వాడుకోమన్నాడు. ఎలా చెయ్యాలో నువ్వు రాయి, నేను చేస్తాను. ఫోన్‌లో చెప్పకు. సగం వినపడదు, వినపడిన సగం మరిచిపోతాను. ఉత్తరమైతే జేబులో పెట్టుకోవచ్చు.

ఇట్లు, గాల్లో తేలుతున్న
నీ డ్రైవరు నాన్న

తా.క. తుప్పు చొక్కా గుండీ అంతే. కంగారు పడకు.

*

నాన్నకి నమస్కారాలు, వాటితో పాటు ఒక దణ్ణం: మిషను ముట్టుకోకు!

ఎవరైనా పనివాణ్ణి పిలువు. ఇక్కడ నేను బాగున్నాను. మొదటి స్థానమే. మేస్త్రి గారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పేరే పిలుస్తూ ఉంటారు.

నువ్వు మాట వినవని తెలుసు కాబట్టి రాస్తున్నా. ముందు పెట్రోలు ట్యాంకు, సీట్లు, కింద రబ్బరు పట్టా తీయించి దూరంగా పెట్టించు. బ్యాటరీ తీగలు ఊడదియ్యి. పక్కన బకెట్టుతో ఇసక ఉంచుకో. మొహానికి ముసుగు, చేతులకి తోలు గ్లవ్స్. తర్వాత స్క్రూడ్రైవర్‌తో తుప్పు చుట్టూ పొడుచుకుంటూ వెళ్ళు. దిగబడితే అది పోయిన రేకు. టంగుమంటే మంచి రేకు. మంచి రేకు తగిలేదాకా కోసెయ్యాలి. జాలి పడకూడదు.

ఇట్లు,
అమ్మలు

తా.క. పెద్దత్తకి నా గురించి ఏమీ చెప్పకు.

*

చిరంజీవి అమ్మలుకి, నల్లబడ్డ చేతులతో నాన్న దీవెనలు.

పొడిచాను. గుండీ సాసరయింది. ఇంకా పొడిచాను. సాసరు కంచమయింది. నువ్వు చెప్పినట్టే జాలి పడలేదు. ఇప్పుడు డ్రైవరు సీటు చోట నిలబడితే నా కాళ్ళు నేల మీద ఉంటున్నాయి. బండి ఎక్కినట్టు లేదు, బండిని తొడుక్కున్నట్టుంది.

ఈ విద్య ఇంత బాగుందని వీధిలో నిలబెట్టిన బళ్ళన్నీ ఊరికే పరీక్ష చేసి పెట్టాను. డాక్టరు గారి కారు రెండు చోట్ల దిగబడింది. ఇప్పుడు మన వీధిలో ఎవరూ బండి ఆపడం లేదు. పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారు.

వెల్డింగూ మొదలుపెట్టాను. మంట తగలగానే రేకు మైనంలా జారిపోతోంది. ఒక చిల్లు పూడ్చబోతే మూడయ్యాయి. నిన్నటికి పదకొండు. మా అమ్మలు జన్మలో ఒక్క చిల్లు పెట్టలేదని పక్కింటాయనతో చెప్పుకుని కాస్త ఊరట పొందాను. నీకు చిల్లులు పడవు కదూ?

ఇట్లు, పదకొండు చిల్లుల
నాన్న

తా.క. పెద్దత్తకి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. చిన్నత్తకి చెప్పాను, ఆవిడ చెప్పింది. పెద్దత్త ఇనప పెట్టె, బాబాయి గేటు, మావయ్య ఇనప మంచం నీ చెయ్యి పడాలని మన వాకిట్లో వరసగా నిలబడి ఉన్నాయి.

ఇంకో తా.క. మీ నాన్న రెండు చొక్కాలు కాల్చుకున్నారు. మూడోది నేను దాచాను. — అమ్మ

*

నాన్నా,

నమస్కారాలు పెట్టే ఓపిక కూడా లేదు. ఆ పెట్టె, గేటు, మంచం ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యి.

చిల్లులా? నాకా? ఛ.

కానీ మా షెడ్డులో ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయికి అచ్చం నీలాగే జరుగుతుంది. మేస్త్రి గారు రోజుకి ఇరవై సార్లు అరుస్తారు. "రేకు వెనక రాగి ముక్క ఆనించు! ఒక్క చుక్క పెట్టు, చెయ్యి తియ్యి! చల్లారనీ! తర్వాతి చుక్క దాని పక్కన కాదు, ఆ చివర! ఏమిటమ్మా తొందర, రైలు పోతోందా?" అని. ఆ అమ్మాయికి అంతా తెలుసు. ఆగడమే రాదు. చల్లారిందిలే అనుకుని పెడుతుంది, చిల్లు పడుతుంది. పరీక్ష రెండుసార్లు పోయింది. ఇంకో పది రోజుల్లో మూడోది. అదీ పోతే పంపించేస్తారు. ఈలోపే వెళ్ళిపోదామా అని చూస్తోంది పాపం. కానీ వాళ్ళ నాన్న అందరికీ గొప్పగా చెప్పేసుకున్నాడట. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియడం లేదట.

నువ్వు మాత్రం రాగి ముక్క పెట్టి చూడు, ఎక్కువ వేడిని అది లాగేసుకుంటుంది.

ఇట్లు,
మొదటి స్థానం అమ్మలు

తా.క. ఆ అమ్మాయి సంగతి ఎవరికీ చెప్పకు.

*

నా బంగారానికి, మిషను పక్కన కూర్చుని నాన్న రాస్తున్నది: చుక్క నిలబడిందే!

ఒకటి కాదు, తొమ్మిది. చిల్లు లేదు. అంతా ఆగడంలో ఉంది. ఆగడం నాకు కొత్తా? చుక్క పెట్టి, చెయ్యి తీసి, మనసులోనే ఆ రోజుల్లోలా పొద్దుటి పిల్లల్ని ఎక్కించుకోవడం మొదలుపెడతాను. రొట్టెల కొట్టు దగ్గర కవలలు. ఒకడొస్తే ఇంకొకడు రాడు. ఆగాలి. దర్జీ గారి అమ్మాయి. జడ సగంలో ఉంటుంది. ఆగాలి. మాస్టారి చిన్నవాడు. ఒక చెప్పు దొరకదు. ఆగాలి. వంతెన దగ్గర ఏడుపు పిల్ల. వాళ్ళమ్మ చెయ్యి వదలదు. ఆగాలి. అందరూ కూర్చుని తలుపు గడియ పడేసరికి రేకు చల్లబడుతోంది. అప్పుడు ఆ చివర రెండో చుక్క. ఈ మధ్యలో నా వెనక సీట్లో కూర్చుని "పోనీ నాన్నా, పోనీ!" అని నా వీపు మీద గుద్దేదొకతి ఉండేది. దాని మాట ఒక్క రోజూ వినలేదు.

ఈ వరస ఆ అమ్మాయికి రాసివ్వు. నా తోలు గ్లవ్స్ పంపుతున్నాను. ఆ అమ్మాయికే ఇవ్వు, నువ్వు తీసుకోకు. వదులైతే మణికట్టు దగ్గర తాడు కట్టుకోమను. నాకు పక్కింటాయనవి ఉన్నాయి. ఇంకో మాట. వాళ్ళ నాన్న గొప్పలు చెప్పుకున్నాడని బాధపడొద్దను. నాన్నలకి గొప్పలు చెప్పుకోవడానికి స్థానాలు అక్కర్లేదు. పిల్ల ఉంటే చాలు.

ఇట్లు, తొమ్మిది చుక్కల
నాన్న

తా.క. ఎవరికీ చెప్పొద్దన్నావు. పెద్దత్త ఒక్కదానికే చెప్పాను. అమ్మాయికి ఓర్పు తక్కువనగానే, "అయితే మా రెండోవాడికి సరిపోతుంది, వాడికి ఓర్పెక్కువ, ఉద్యోగం కోసం ఏడేళ్ళుగా ఆగుతున్నాడు" అంది. ఫోటో పంపాలట.

*

నాన్నా,

ఫోటో పంపక్కర్లేదు. ఆ అమ్మాయి ఫోటో పెద్దత్త ఇంట్లో గోడ మీదే ఉంది. బడి బట్టల్లో, రెండు జడలతో.

నాది మొదటి స్థానమే, కాకపోతే చివర్నుంచి. మేస్త్రి గారు రోజంతా నా పేరు పిలిచేది అందుకే.

నిన్న పరీక్ష. తలుపు రేకుకి అతుకు వెయ్యమన్నారు. నీ గ్లవ్స్ తాడు కట్టుకుని తొడుక్కున్నాను. చుక్క పెట్టాను. చెయ్యి తీశాను. రొట్టెల కొట్టు దగ్గర ఆగాను. పైకే అంటున్నానని నాకు తెలియదు. మేస్త్రి గారొచ్చి పక్కన నిలబడి విన్నారు. సగం అతుకు అయ్యాక ఆయనే, "చెప్పు దొరికిందా వాడికి?" అన్నారు. ఇంకా లేదండీ అన్నాను. ఇద్దరం ఆగాం. దొరికిందన్నాను. "అయితే పెట్టు" అన్నారు. చివర్లో దీపానికి అడ్డం పట్టి చూశారు. వెలుతురు ఎక్కడా రాలేదు నాన్నా. పాసయ్యాను.

అబద్ధాలు రాశాను. క్షమించు. వ్యాను తనిఖీ ఏమైంది?

ఇట్లు,
నీ చిల్లుల అమ్మాయి

తా.క. పెద్దత్త రెండోవాణ్ణి ఇంకో ఏడేళ్ళు ఆగమను.

*

పాసైంది! నా తల్లి పాసైంది! పోస్టాయన్ని కౌగిలించుకున్నాను, ఆయన టోపీ పడిపోయింది.

క్షమించమంటావేమే పిచ్చిదానా, నాకు తెలియదనుకున్నావా? మామూలుగా నీ రాత కోడి గెలికినట్టుంటుంది. లెక్కల్లో తప్పి నా సంతకం కోసం వచ్చినప్పుడు మాత్రం ముత్యాల్లా రాసుకొచ్చేదానివి. "మొదటి స్థానం" అన్న మొట్టమొదటి ఉత్తరం చూశాను. ఒకటే ముత్యాలు! మర్నాడే లాండ్రీ ఆయన దగ్గరికి వెళ్ళి వ్యాను అడిగాను. "పనికిరాదు పెద్దాయనా, తుప్పు పట్టింది" అన్నాడు. "తుప్పుందా? అయితే వెంటనే ఇచ్చెయ్యి" అన్నాను. నా పిల్ల ఏ పని చేతకాక ఏడుస్తోందో ఆ పని నేనూ ఒకసారి చేసి చూద్దామనిపించింది. నాకు చెప్తూ ఉంటే నీ చెవినా పడుతుందనిపించింది. నేనేమీ చదువుకున్నవాణ్ణి కాదు, ఇంతకంటే తోచలేదు. "మా షెడ్డులో ఒక అమ్మాయి" అన్న దగ్గర్నుంచి మళ్ళీ కోడి గెలికింది. హమ్మయ్య, మా అమ్మాయి దొరికిందని మీ అమ్మతో అన్నాను.

తనిఖీ ఆయన వచ్చి అతుకంతా సుత్తితో కొట్టి చూశాడు. టంగుమంది. క్లచ్చి పక్కన ఒక్క చిల్లు ఉంది, చొక్కా గుండీ అంత. "ఇదొక్కటీ వదిలేశారేం?" అన్నాడు. "దానికి మనిషి వస్తోంది" అన్నాను. శనివారం దాకా గడువిచ్చాడు.

ఇక ఈ కబురు చెప్పాల్సినవాళ్ళు: పెద్దత్త (నువ్వే చెప్పు, నాకు భయం). చిన్నత్త (ఆవిడకి చెప్తే సగం మందికి చెప్పినట్టే). బాబాయి (గేటు లేక ఇంట్లోకి కుక్కలొస్తున్నాయట, త్వరగా రమ్మన్నాడని కూడా నీకు చెప్పాలి). మావయ్య (నేల మీద పడుకుంటున్నాడు). డాక్టరు గారు (చుట్టం కాదు గానీ, కారు పొడిచాక దగ్గరివాడయ్యాడు). మీ అమ్మకి చెప్పక్కర్లేదు, నా భుజం మీంచి చదువుతూ ఆ దాచిన మూడో చొక్కాతోనే కళ్ళు తుడుచుకుంటోంది. అందరికంటే ముందు, మీ షెడ్డులో ఆ అమ్మాయికి చెప్పు. వాళ్ళ నాన్న వాకిట్లో బండి దగ్గర నిలబడి ఉన్నాడనీ, తను ఎక్కి కూర్చునేదాకా కదలడనీ.