ఏ చెయ్యో రాయలేదు

అమ్మా,

వేళకి తింటున్నాను, నిద్ర మాత్రం పట్టడం లేదు. సోమవారమే ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష. ఇందులో కొన్ని అణువులు మన రెండు చేతుల్లా జంటగా ఉంటాయి. చూడ్డానికి ఒక్కలాగే ఉన్నా, ఒకటి మందైతే రెండోది విషం కావచ్చు. గుర్తుంటాయని, నాన్న ఇచ్చిన రంగు గుండీల్ని అగ్గిపుల్లలకి మైనంతో అంటించి, ఆ అణువుల బొమ్మలు చేసి అలమర పక్కన పెట్టాను. మంచం మీంచి అవి ఎదురుగోడ అద్దంలోనే కనబడతాయి. వారమంతా అలాగే పడుకుని బట్టీ పట్టాను. నిన్న నా రూమ్మేటు జడ వేసుకుంటూ, "ఓసి పిచ్చిమొహమా, అద్దంలో చూసి నేర్చుకుంటున్నావేంటే? అంతా తిరగబడి ఉంటుంది కదా!" అని పడీపడీ నవ్వింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సరే, మళ్లీ మొదలెడదామని కూర్చుంటే తమ్ముడి కార్డు వచ్చింది. కుట్టుమిషను సూది నాన్న చేతిలో దిగిందని రాశాడు గానీ, ఏ చెయ్యో రాయలేదు. కుడిదైతే కత్తెర ఎలా పడతారు? ఒప్పుకున్న స్కూలు యూనిఫారాలు ఎవరు కత్తిరిస్తున్నారు? పుస్తకం తెరిస్తే ఆ చెయ్యే కనబడుతోంది.

నా నీలం స్వెట్టరు పంపు. నానమ్మ కళ్లజోడు బాగుచేయించారా? ఆవిడకి నా నమస్కారాలు, తమ్ముడికి ఒక మొట్టికాయ.

పరీక్ష అయ్యేదాకా నువ్వు నిజం చెప్పవని నాకు తెలుసు. అందుకే ఏమీ రాయకపోయినా సరే, ఖాళీ కార్డే వెయ్యి. దాని మీద నా చిరునామా మాత్రం నాన్న చేత రాయించు.

నీ పెద్దమ్మాయి