అక్కకు నిద్ర పడుతోంది

మంగళవారం, అనకాపల్లి

ఈ మధ్యాహ్నం అక్కా బావా భోజనానికి వచ్చారు. వణుకు తగ్గాలని బావ మెదడులో తీగలు పెట్టి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ అమర్చి ఆరు నెలలైంది. ఆయనకూ మా ఆయనకూ ఉన్నది ఒకటే పార్కిన్సన్ జబ్బు. మా ఆయనకు మతిమరుపు కూడా మొదలైందని డాక్టరు ఆ ఆపరేషన్ వద్దన్నాడు.

బావ పప్పన్నం తనే కలుపుకున్నాడు. ఒక్క మెతుకు కింద పడలేదు.

“మాట ఇంకా తడబడతంది గానీ, సొక్కా బొత్తాలు ఆయనే ఎట్టుకుంటన్నారే. రాత్రిళ్ళు నాకూ నిద్ర పడతంది,” అంది అక్క.

“మంచిదే కదక్కా,” అన్నాను. ఆ నిద్ర మాటకే నా కడుపు మండిపోయింది. అక్క ముఖం నిజంగానే తేటపడింది. అదీ ఓర్చుకోలేకపోయాను.

మా ఆయనకు తినిపిస్తున్న చెంచాను విసురుగా నోట్లోకి తోశాను. పెదవి చిట్లింది. ఆయన బావ వైపు తిరిగి, “మీ సెయ్యి వణకట్లేదన్నయ్యా. సానా బాగుంది,” అని నవ్వారు.

కొంగుతో రక్తం తుడిచాను. అక్క చూసింది.

ఇందాక ఆయన్ను పడుకోబెడుతూ, తప్పయిపోయిందన్నాను.

“దేనికే?” అన్నారు.

మరిచిపోయారో, పోనిమ్మన్నారో. దేనికో నేను మాత్రం చెప్పలేదు.