పద్మ గొంతు ఉన్న పాత డిస్క్

మస్కట్,
గురువారం సాయంత్రం.

అక్కయ్యకి తమ్ముడు సూర్యం నమస్కరించి రాస్తున్నది. కొత్తపేటలో మీరందరూ కులాసా అని, అమ్మ మోకాళ్ళు ఈ వానలకి మరీ ఇబ్బంది పెట్టడం లేదని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను. బెంగ పెట్టుకోవద్దు.

పద్మ చివరి రోజు ఎలా గడిచిందని నువ్వు రెండుసార్లు అడిగావు. ఫోనులో చెప్పలేకపోయాను. ఆ రోజు శుక్రవారం. ఉదయం మినపరొట్టె వేసింది. సుధ తిననని పేచీ పెడితే ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, "నీ అల్లరంతా అత్తయ్యకి పంపిస్తాను చూడు" అని రికార్డు నొక్కి, కథ చెబుతూ తినిపించింది. ఇరవై నిమిషాలు. పదకొండింటికి తలనొప్పిగా ఉందని పడుకుంది. మధ్యాహ్నం లేపితే లేవలేదు. ఆసుపత్రిలో నాలుగింటికి పోయింది. అంతే జరిగింది.

ఆమె గొంతు ఆ రికార్డింగులో తప్ప ఇంకెక్కడా లేదు. కిందటి నెల మీ ఇంటి నుంచి ఫోనులో సుధ, "నాన్నా, అమ్మ మొహం గుర్తుంది, మాట గుర్తు రావట్లేదు" అంది. వినిపిద్దామని ల్యాప్‌టాప్ తెరిస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. తెర నల్లగా ఉండిపోయింది.

మన మలికిపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ రిపేరు కొట్టు పెట్టుకున్న ప్రసాద్ గారికి ఇచ్చాను. ఏం పాడైందో చూసి చెప్పమన్నాను. నిన్న వెళితే కుర్చీ తుడిచి, టీ తెప్పించి, ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టారు.

"కొత్త డిస్క్ వేసేసేనండి. పాతదానికి రెట్టింపు. ఇంక ఢోకా లేదండి, ఆయ్."

"పాతదేదండీ?"

"పాత సామానులో పడేసేనండి. మీకెందుకండీ ఆ బరువు?"

"నాతో ఒక్క మాట అనాలి కదా!"

"ఇంట్లో అసలే అలా జరిగింది కదండీ. ఇదీ పోయిందని చెప్పి మిమ్మల్ని కష్టపెట్టడం మర్యాద కాదని ఊరుకున్నానండి."

అక్కయ్యా, మన వైపు మర్యాద మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. పెద్దకర్మ కాగానే నేను చూడకుండా మీరంతా కలిసి పద్మ చీరలు పంచిపెట్టేశారు. అప్పుడూ ఇదే మాట, చూస్తే బాధపడతాడని. నా బాధ ఎంతో నన్నెవరూ అడగలేదు. అప్పుడు నోరు మెదపలేదు. నిన్న మెదిపాను. పాత సామాను పెట్టె బోర్లించమన్నాను. అందులో పదకొండు డిస్కులు. స్టోర్సులో పని కనక ఏ వస్తువు కొన్నా లోపలి భాగాలతో సహా నంబర్లు రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. నంబరు చూసి మనది పట్టుకున్నాను.

దాన్ని బయట నుంచి తగిలించి చదవాలంటే కేసింగ్ అనే డబ్బా కావాలి. "పెద్దది తీసుకోండి, హుందాగా ఉంటుందండి" అని ప్రసాద్ గారు బల్ల మీద కంప్యూటర్ల డిస్కులకి వాడేది చుట్టబోయారు. నాది అందులో గిలక్కాయలా ఆడుతుంది. తర్వాత తెచ్చింది కొత్త రకం డిస్కులది. నాదానికి రెండు వరసల పిన్నులున్నాయని నేనే చూపించాల్సి వచ్చింది. చివరికి అద్దాల బీరువాలోంచి నేనే ఎంచుకున్నాను. చిన్నది, వేడి లాగేసే అల్యూమినియంది, తీగకి రెండు ప్లగ్గులున్నది. ఒక్క ప్లగ్గు కరెంటు పాత డిస్కుకి చాలకపోవచ్చు. ఆయన వేసిన కొత్త డిస్క్ మాత్రం కొలత సరిపోయింది, ఉంచుకున్నాను.

మా ఆఫీసు ఇంజనీరు జోసెఫ్ గారు చూసి, టిక్కుమనే డిస్కుని మళ్ళీ మళ్ళీ తిప్పితే ఉన్నదీ పోతుందని, తిరిగిన మొదటిసారే కావలసింది దింపుకోవాలని అన్నారు. అందుకే ఇంకా తగిలించలేదు.

మొన్న బావగారు, "ఫొటోలున్నాయి కదోయ్, గొంతు వినిపించి పిల్లని ఏడిపించడమెందుకు?" అన్నారు. ఆయనంటే నాకు గౌరవమే. కానీ తల్లి గొంతు విని సుధ ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ ఏడుపు దానిది. ఎవరూ మర్యాదకి దాచిపెట్టకండి. ఈ నాలుగు ముక్కలూ బావగారికి చదివి వినిపించు.

అమ్మకి పాదాభివందనాలు. మీ దంపతుల ఆశీస్సులు కావాలి. అంతర్వేది వెంకటేశ్వర్లు రేపు సెలవుకి బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం అతనే తెచ్చి ఇస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు అతనితో కాస్త చింతకాయ పచ్చడి పంపు.

రేపు ఉదయం ఆరింటికి జోసెఫ్ గారు వస్తారు. డిస్క్ తగిలించి, ఆ ఒక్క ఫైలే ముందు దింపుతాం. దొరికితే సీడీలోకి ఎక్కించి ఈ కవరులోనే పెడతాను. దొరక్కపోతే ఉత్తరం ఒక్కటే పెట్టి అంటిస్తాను.

నీ తమ్ముడు,
సూర్యం