ఆమెన్‌కు ముందు బిర్యానీ

జేమ్స్ బావగారికి వందనాలు.

పెళ్లిచూపులు జరిగిన హోటల్లోనే మన స్తుతి నిశ్చితార్థం కూడా పెడదామా అని అడిగారు. ఉన్నమాట రాస్తున్నాను. కరీంనగర్‌లో ఇప్పుడు హోటళ్లకు కొదవ లేదు. డ్యాం పక్కన కొత్తగా తెరిచినదాంట్లో ఫోటోలు దిగడానికి పూల ఊయల ఉంది గాని, చేతులు కడుక్కునే చోటు లేదు. పెళ్లిచూపులకు మేం వెళ్లిన మేడమీది హోటల్లో వెలుతురు ఎంత మసకంటే, ముక్కేదో ఎముకేదో కొరికితేగాని తెలియదు.

ఆ రోజు మీరు రాలేదు కాబట్టి అసలు సంగతి మీకు తెలియదు. బిర్యానీ రాగానే మీ చెల్లెలు ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె ప్రార్థనలో చుట్టాలెవరినీ వదిలిపెట్టదు కదా. అంతసేపు తలలు వంచుకొని కూర్చున్న మమ్మల్ని చూసి, మా ఇంట్లో ఎవరో పోయారనుకొని సర్వరు పాట ఆపించాడు. పక్క టేబుళ్లవాళ్లు లేచి మౌనంగా నిలబడ్డారు. ఒకాయన నా భుజం తట్టి, "ఫికర్ చెయ్యకుండ్రి, ఎప్పటికైనా అందరం పోయేటోళ్లమే" అన్నాడు.

ఉలిక్కిపడి కళ్లు తెరిస్తే, ఎదురుగా పెళ్లికొడుకు దవడ ఆడుతున్నది. ఆమెన్ అనకముందే తినేవాడికి పిల్లనివ్వనని ఇంటికొచ్చి స్తుతితో అన్నాను.

"ఆయనొక్కడే తినలే బాపు. నా పళ్లెంల గూడ ఓ ముక్క ఏసిండు."

"నువ్వు తిన్నవా?"

"సల్లారిపోతదని తిన్న."

ఇద్దరికిద్దరూ సరిపోయారు. నిశ్చితార్థం మా ఇంట్లోనే పెడదాం. ప్రార్థన మాత్రం మీరు చెయ్యండి. ఆ మాట మీ చెల్లెలికి కూడా మీరే చెప్పండి.

ఇట్లు,
మీ చెల్లెలి భర్త